తార్నాకలో దిగే ఫిజిక్స్ విద్యార్థికి



ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో సీటొచ్చిందని ఇంట్లో చెప్పగానే పెద్దవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే: అది చదివితే ఏమొస్తుంది? ఇంజనీరింగు చదువుతున్న మేనమామ కొడుకును చూపించి మరీ అడుగుతారు. అడగడంలో తప్పులేదు. డబ్బు పెట్టేవాళ్ళు అడగాల్సిందే. చిక్కల్లా ఏమిటంటే, దానికి మన ఇళ్ళల్లో రెండే జవాబులు చలామణీలో ఉన్నాయి. లెక్చరర్ అవుతాడు, లేకపోతే సైంటిస్టు అవుతాడు. మొదటిది చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గుతుంది, రెండోది చెప్పేటప్పుడు కాస్త లేస్తుంది. ఆ రెండు ఉద్యోగాలకూ దారి ఎటునుంచో, వాటికి అవతల ఇంకేమున్నాయో ఈ కాసేపట్లో మాట్లాడుకుందాం. గాలిలో మాట్లాడకుండా ఉస్మానియా విశ్వవిద్యాలయాన్నీ, దాన్ని ఆనుకుని ఉన్న తార్నాకనూ ఎదురుగా పెట్టుకుని చెబుతాను.

తార్నాక మెట్రో స్టేషన్లో దిగితే ఒకపక్క విశ్వవిద్యాలయం. ఇంకోపక్క ఉప్పల్ రోడ్డు పట్టుకుంటే హబ్సిగూడ మీదుగా ఉప్పల్ చేరేలోపు దేశంలో పేరున్న ప్రయోగశాలల గేట్లు వరసగా కనిపిస్తాయి. రసాయన శాస్త్రానికి ఐఐసీటీ. జీవకణాల పరిశోధనకు సీసీఎంబీ. భూమి లోపలి సంగతులు చూసే ఎన్‌జీఆర్‌ఐ. ఇది 1961లో పుట్టింది. ఈ మూడూ సీఎస్‌ఐఆర్ సంస్థలే. క్యాంపస్‌కు ఎదురుగానే జాతీయ పోషకాహార సంస్థ. ఇన్ని పరిశోధన సంస్థలు ఒక విశ్వవిద్యాలయానికి ఇంత దగ్గరగా ఉన్న చోట్లు దేశంలో ఎక్కువ లేవు. అయినా రెండేళ్ళు ఇక్కడ చదివి, రోజూ ఆ గేట్ల ముందునుంచే బస్సులో వెళ్ళి, ఒక్కసారి కూడా లోపల అడుగుపెట్టకుండా పట్టా పుచ్చుకుని ఊరెళ్ళిపోయే ఎమ్మెస్సీ విద్యార్థులు చాలామంది. పైగా ఎన్‌జీఆర్‌ఐ అంటే జియాలజీ వాళ్ళది, సీసీఎంబీ అంటే బయాలజీ వాళ్ళది, మనకేం పని అంటారు. భూకంప తరంగాన్ని నమోదు చేసే సీస్మోమీటరు ఫిజిక్సే కదా. భూ అయస్కాంత క్షేత్రాన్ని కొలవడం ఫిజిక్సే. ప్రోటీను ఆకారం తెలుసుకునే ఎన్‌ఎమ్‌ఆర్ యంత్రం, క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, ఇవన్నీ ఫిజిక్సు వాళ్ళు కనిపెట్టి జీవశాస్త్రానికి అప్పగించినవే. అలాంటి యంత్రాల దగ్గర పనిచేసే మనిషికి ఫిజిక్స్ వచ్చి ఉంటే ఎంత సుఖమో అక్కడి వాళ్ళనడగండి.

ఈ విశ్వవిద్యాలయం చరిత్రలో రెండు ముక్కలు ఇక్కడ చెప్పాలి. 1918లో ఉర్దూ బోధనా భాషగా మొదలైందిది. భౌతిక శాస్త్రం కూడా ఉర్దూలోనే బోధించారు. పాఠ్యపుస్తకాల కోసం దారుల్ తర్జుమా అని ఒక అనువాద సంస్థనే నడిపారు. 1948 తర్వాత ఇంగ్లీషు వచ్చింది. తెలుగు మీడియంలో డిగ్రీ దాకా చదివి, ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్లో ఇంగ్లీషు పాఠం అందక హాస్టల్ గదిలో కుమిలిపోయే పిల్లలకు ఈ సంగతి తెలియాలి. ఈ గడ్డమీద ఫిజిక్స్‌ను దేశభాషలో చెప్పి పట్టాలిచ్చారు. తెలుగులో ఆలోచించండి, తెలుగులో వాదించుకోండి, పరీక్షలో ఇంగ్లీషులో రాయండి. సమీకరణం ఏ భాషలోనైనా ఒకటే.

రెండో ముక్క ఆకాశానిది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంత డబ్బుతో ఒక వేధశాల పెట్టారు. ఆయన పోయాక నిజాం ప్రభుత్వం తీసుకుంది. అదే నిజామియా అబ్జర్వేటరీ. బేగంపేటకు మారి, 1919లో ఉస్మానియా చేతికొచ్చింది. ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని, ప్రతి ముక్కలోని నక్షత్రాల స్థానాలను ఫొటోలు తీసి జాబితా చెయ్యాలన్న అంతర్జాతీయ పథకంలో హైదరాబాదు తన వంతు పూర్తిచేసింది. లక్షల నక్షత్రాలు. ఆ వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కొడుకు ఒకాయన నిజాం కాలేజీలో ఫిజిక్స్ చదివి, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్పుతో హార్వర్డ్ వెళ్ళి, 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టాడు. ఆయనే వేణు బప్పు. తోకచుక్కకు ఆయన పేరూ, పక్కన పనిచేసిన ఇద్దరి పేర్లూ కలిపి బప్పు-బాక్-న్యూకిర్క్ అని పెట్టారు. తర్వాత విల్సన్ అనే శాస్త్రవేత్తతో కలిసి నక్షత్రాల కాంతికి సంబంధించి కనుక్కున్న సంబంధం ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆధునిక భారత ఖగోళ శాస్త్రానికి పునాది వేసినవాడిగా ఆయన్ని చెప్పుకుంటారు. హైదరాబాద్ నగరానికి బయట జపాల్, రంగాపూర్ ఊళ్ళ దగ్గర ఉస్మానియా 48 అంగుళాల టెలిస్కోపు నిలబెట్టింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఆ చోటు నీడ దారిలోనే ఉంది. నగరంలో జనం తలుపులు వేసుకుని కూచుంటే శాస్త్రవేత్తలు అక్కడ పరికరాలు పెట్టుకుని ఎదురుచూశారు.

ఆ పాత నిజామియా గుమ్మటాలు ఇప్పుడు శిథిలమై, ఒక సామాజిక శాస్త్ర పరిశోధన సంస్థ ఆవరణలో ఉన్నాయి. దానికి దగ్గర్లోనే అమీర్‌పేట. తార్నాకలో మెట్రో ఎక్కిన ఎమ్మెస్సీ విద్యార్థి నేరుగా అమీర్‌పేటలో దిగి జావా కోర్సులో చేరతాడు. ఆ గుమ్మటాలను చూసినవాడు వందలో ఒకడుంటాడో లేదో. ఇది ఎత్తిపొడుపు కాదు. జావా నేర్చుకోవడం బతుకుతెరువు. నా బాధల్లా, ఫిజిక్స్ చదివిన రెండేళ్ళనూ చెత్తబుట్టలో వేసి మొదటినుంచి మొదలుపెడుతున్నాడే అని. చదివిన దానిమీద ఇంకో మెట్టు కడితే సరిపోయేది.

ఆ మెట్టు గురించే నేను ఇవాళ చెప్పదలుచుకున్నది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ పట్టా ఒక్కటే చూపిస్తే దొరికే ఉద్యోగాలు తక్కువ. దాని తర్వాత ఒకటి, రెండేళ్ళు పట్టే ఇంకో అర్హత ప్రతి దారిలోనూ ఉంది. పరిశోధనకు జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పు. ఆసుపత్రికి రేడియోలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా. అణుశక్తికి ట్రైనింగ్ స్కూలు. గురుకులానికి, కేంద్రీయ విద్యాలయానికి బీఎడ్. ఏ మెట్టు ఎక్కాలో రెండో సెమిస్టర్ పూర్తయ్యేలోపు తేల్చుకున్నవాడు నాలుగో సెమిస్టర్ తర్వాత వెతుక్కోడు. తేల్చుకోనివాడు పట్టా వచ్చాక రెండు, మూడేళ్ళు తార్నాక, విద్యానగర్ హాస్టళ్ళలో గడిపేస్తాడు. ఈ మాట కటువుగా ఉందేమో కానీ, పాఠం చెప్పి బతికినవాడిగా నేను చూసింది అదే.

ముందు జేఆర్‌ఎఫ్ సంగతి. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ ఏడాదికి రెండుసార్లు జరిగే పరీక్ష. ఫిజికల్ సైన్సెస్ పేపరు మూడు గంటలు, 200 మార్కులు. మొదటి భాగం సాధారణ తార్కిక ప్రశ్నలు, 30 మార్కులకు. రెండో భాగం 70. మూడో భాగంలో 20 ప్రశ్నలకు 100 మార్కులు. అంటే సగం పరీక్ష అక్కడే. మన విశ్వవిద్యాలయాల పరీక్షల్లో 'ఫలానా సూత్రాన్ని రాబట్టండి' అని అడుగుతారు. పాత ప్రశ్నపత్రాలు తిరగేస్తే ఏది వస్తుందో ముందే తెలిసిపోతుంది. నెట్ మూడో భాగంలో రాబట్టమని ఎవరూ అడగరు. రాబట్టిన సూత్రాన్ని తీసుకెళ్ళి ఎప్పుడూ చూడని చోట వాడమంటారు. తప్పు రాస్తే ఆ ప్రశ్న మార్కుల్లో నాలుగో వంతు పోతుంది. డెబ్బైఐదు శాతంతో ఎమ్మెస్సీ పాసైన పిల్లలు అక్కడ బోల్తాపడేది ఇందుకే. మందు ఒకటే. గోల్డ్‌స్టీన్, గ్రిఫిత్స్, కిట్టెల్ పుస్తకాల్లో అధ్యాయం చదివాక చివర ఉన్న లెక్కలు చెయ్యాలి. ఒక లెక్క దగ్గర రెండు రోజులు ఇరుక్కుపోయినా ఫరవాలేదు. క్యాంపస్‌లోని ల్యాండ్‌స్కేప్ గార్డెన్లో చెట్టు కింద కూచుని నలుగురూ వాదించుకుంటూ చేస్తే ఇంకా మంచిది.

జేఆర్‌ఎఫ్ కొట్టినవాళ్ళకు 2023 జనవరి నుంచి నెలకు 37 వేల రూపాయలు, ఆపైన ఇంటి అద్దె భత్యం. రెండేళ్ళ తర్వాత సీనియర్ ఫెలోషిప్పుగా మారితే 42 వేలు. మొత్తం ఐదేళ్ళు. ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. ఎమ్మెస్సీ అయ్యేసరికి ఇరవైమూడు, పీహెచ్‌డీ అయ్యేసరికి ఇరవైఎనిమిది, ఆపైన పోస్ట్‌డాక్. స్థిరమైన ఉద్యోగం ముప్పై దాటాకే. సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుడు అప్పటికి అపార్ట్‌మెంటు కొనేసి ఉంటాడు. ఈ లెక్క దాచిపెట్టి ఎవరినీ పరిశోధనకు పంపకూడదు. తెలిసీ వెళ్ళేవాళ్ళను ఆపనూ కూడదు. అదీకాక, రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక ఖాళీలు ఏళ్ళ తరబడి నిండకపోవడం అందరం చూస్తున్నదే. పీహెచ్‌డీ చేసి పార్ట్‌టైమ్ పాఠాలు చెప్పుకుంటున్నవాళ్ళు మన మధ్యే ఉన్నారు. కాబట్టి పరిశోధనకు వెళ్ళేవాడు ఉస్మానియా ఒక్కదానికే పరిమితం కాకుండా గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం, గోపన్‌పల్లిలోని టాటా పరిశోధన సంస్థ, కందిలోని ఐఐటీ, ఇంకా దేశంలోని ఐసర్లూ అన్నీ చూడాలి.

విదేశాల మాటకొస్తే మన తెలుగు ఇళ్ళల్లో ఒక విచిత్రం. అమెరికాలో ఎమ్మెస్ కోసం ఇల్లు తాకట్టు పెట్టి లక్షలు అప్పు చేస్తారు. అదే అమెరికాలో ఫిజిక్స్ పీహెచ్‌డీలో సీటొస్తే సాధారణంగా ఫీజు విశ్వవిద్యాలయమే భరిస్తుంది, పాఠాలు చెప్పినందుకో, ల్యాబులో పనిచేసినందుకో నెలనెలా డబ్బులూ ఇస్తుంది. జర్మనీలో పీహెచ్‌డీ విద్యార్థిని చాలాచోట్ల జీతం ఇచ్చే ఉద్యోగిగానే చూస్తారు. సీటు సంపాదించడం కష్టమే. కానీ కష్టం చదువులో ఉంది, తాకట్టులో లేదు. కన్సల్టెన్సీ ఆఫీసులో ఈ సంగతి మీకు ఎవరూ చెప్పరు. వాళ్ళకు దాంట్లో కమీషన్ రాదు.

ఇప్పుడు చాలామందికి తెలియని దారి. క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ చికిత్స ఇచ్చే యంత్రం పక్కన డాక్టరుతో పాటు ఇంకో మనిషి ఉంటారు. మెడికల్ ఫిజిసిస్ట్. కణితికి ఎంత రేడియేషన్ వెళ్ళాలో డాక్టరు నిర్ణయిస్తారు. దాన్ని గ్రే అనే ప్రమాణంలో కొలుస్తారు. చాలా చికిత్సల్లో పూటకు రెండు గ్రేల చొప్పున వారానికి ఐదు రోజులు, కొన్ని వారాల పాటు ఇస్తారు. ఆ కిరణం ఏ కోణంలోంచి పోవాలి, ఎంత మందంలో పోవాలి, వెనకున్న వెన్నుపామునో పక్కనున్న ఊపిరితిత్తినో తాకకుండా ఎలా మళ్ళించాలి, ఇవన్నీ కంప్యూటర్ మీద లెక్కకట్టేది ఫిజిసిస్ట్. రోగి బల్లమీదికి రాకముందే నీళ్ళ తొట్టెలో అయనీకరణ గది పెట్టి యంత్రం చెప్పినంత మోతాదే ఇస్తోందా అని కొలిచేదీ ఆ మనిషే. మనం ఎమ్మెస్సీలో విసుక్కుంటూ చేసే గైగర్ కౌంటర్ ప్రయోగం అక్కడ ఒక ప్రాణం మీద పనిచేస్తుంది.

దీనికి కావలసిన చదువు, ఎమ్మెస్సీ ఫిజిక్స్ మీద ఏడాది పాటు రేడియోలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా. ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం బార్క్‌లో ఈ కోర్సు 1962 నుంచి నడుస్తోంది. కొన్ని విశ్వవిద్యాలయాల్లో మెడికల్ ఫిజిక్స్ ఎమ్మెస్సీయే ఉంది. ఆపైన ఆసుపత్రిలో ఏడాది ఇంటర్న్‌షిప్. తర్వాత పరీక్ష రాసి రేడియోలాజికల్ సేఫ్టీ ఆఫీసర్ అర్హత తెచ్చుకోవచ్చు. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం ఇలాంటి అర్హత ఉన్నవాళ్ళు లేకుండా ఏ ఆసుపత్రీ రేడియేషన్ చికిత్స నడపడానికి వీల్లేదు. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిని చూడండి, హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో లేచిన కార్పొరేట్ క్యాన్సర్ కేంద్రాలను చూడండి. ప్రతిచోటా ఈ మనుషులు కావాలి. ఉద్యోగాల సంఖ్య లక్షల్లో ఏమీ ఉండదు. చదివినవాళ్ళ సంఖ్య కూడా తక్కువే, అదీ అసలు విషయం. నా వరకు, ఫిజిక్స్ మీద ఇష్టం ఉండి పరిశోధన దాకా పోలేని పిల్లలకు నేను మొదట చెప్పే దారి ఇదే.

అణుశక్తి శాఖ దారి పాతది, గట్టిది. హోమీ భాభా 1957లో బార్క్ ట్రైనింగ్ స్కూలు పెట్టారు. ఇంజనీర్లతో పాటు ఫిజిక్స్ ఎమ్మెస్సీలనూ తీసుకుంటారు. అరవై శాతం మార్కులుండాలి. గేట్ స్కోరు మీదో, వాళ్ళ ఆన్‌లైన్ పరీక్ష మీదో ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఏడాది శిక్షణలో జీతంలాంటి స్టైపెండు, పూర్తిచేస్తే సైంటిఫిక్ ఆఫీసర్. ఇంటర్వ్యూ మాత్రం ఘాటుగా ఉంటుందని పేరు. ఘాటంటే కంఠస్థం చేసింది అడగరని అర్థం. ఈ ప్రసంగాన్ని మీరు ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ మీద వింటున్నారనుకుందాం. ఆ తరంగం పొడవెంత అని అడిగారనుకోండి. కాంతి వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే సుమారు 406 మీటర్లు. అక్కడితో వదలరు. అయితే ప్రసార స్తంభం ఎంత ఎత్తుండాలి? తరంగంలో నాలుగో వంతు, దాదాపు వంద మీటర్లు. ఎందుకు నాలుగో వంతు? అక్కడ మొదలవుతుంది అసలు ఇంటర్వ్యూ. ఎమ్మెస్సీలో విద్యుదయస్కాంత సిద్ధాంతం చదివి ఈ ప్రశ్నకు తెల్లమొహం వేస్తే చదువు పేపరు మీదే ఆగిపోయిందని వాళ్ళకు తెలిసిపోతుంది.

రేడియో తరంగం మాట వచ్చింది కాబట్టి ఎలక్ట్రానిక్స్ సంగతీ చూద్దాం, తార్నాక నుంచి ఈసీఐఎల్ వైపు వెళ్ళే బస్సు ఎక్కుదాం. ఆ పక్కనే ఏ.ఎస్.రావు నగర్. ఆ పేరు రోజూ పలికేవాళ్ళలో ఆయనెవరో ఎందరికి తెలుసు? అయ్యగారి సాంబశివరావుగారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేసి, అక్కడే పాఠాలు చెప్పి, ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగు చదివి భాభా దగ్గర చేరారు. అణు కేంద్రానికి కావలసిన పరికరాలు విదేశాలనుంచి కొనే బదులు మనమే చేసుకుందామని మొదలైన పని పెరిగి పెరిగి 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ అయింది. మన ఇళ్ళలోకి వచ్చిన ఈసీ టీవీ ఆ ఫ్యాక్టరీదే, ఇవాళ మనం ఓటేసే ఈవీఎంలలో కొన్ని కూడా అక్కడివే. ఒక ఫిజిక్స్ ఎమ్మెస్సీ ఇంజనీరింగు గీత దాటి అవతలికి వెళ్ళగలడనడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ మన దగ్గర లేదు. ఇప్పుడు ఆ గీత గట్టిపడింది, నిజమే. ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ కంపెనీల ప్రకటనల్లో బీటెక్ అనే రాస్తారు. కానీ డీఆర్‌డీఓ సైంటిస్టు పోస్టుల్లో, ఇస్రోలో ఫిజిక్స్‌కు వేరే ప్రకటనలు వస్తుంటాయి. కంచన్‌బాగ్‌లో క్షిపణి ప్రయోగశాలలు, బాలానగర్‌లో ఉపగ్రహ చిత్రాల కేంద్రం మన ఊళ్ళోనే ఉన్నాయి. ఎలక్ట్రానిక్స్ స్పెషలైజేషన్‌తో ఫిజిక్స్ చదివినవాళ్ళను ఓఎన్‌జీసీ జియోఫిజిసిస్టులుగా తీసుకుంటూ వచ్చింది. కృష్ణా గోదావరి బేసిన్ ఉండగా రాజమండ్రి పిల్లలకు ఈ ముక్క చెప్పక్కర్లేదనుకుంటా.

ఇక బోధన. గొంతు తగ్గించి చెప్పే జవాబు అన్నానే, దాని గురించి. హైదరాబాద్‌లో ఫిజిక్స్ ఎమ్మెస్సీకి అన్నిటికంటే త్వరగా దొరికేది ఇంటర్ కాలేజీలో ఉద్యోగమే. మన రెండు రాష్ట్రాల్లో ఇంటర్ ఎంపీసీ చదివే పిల్లలున్నంత కాలం ఈ గిరాకీ తగ్గదు. పొద్దున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి డౌట్ క్లాసుతో ముగిసే రోజు అది. వారానికొక పరీక్ష, ఆ పేపర్లు దిద్దడం, మార్కులు తగ్గితే సంజాయిషీ. మొదటి ఏడాది జీతం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళున్నారు. కానీ జేఈఈ అడ్వాన్స్‌డ్ లెక్కను బోర్డు మీద తడుముకోకుండా చెయ్యగలిగినవాడి జీతం ఏటేటా పెరగడమూ చూశాం. ఆ నేర్పు ఎమ్మెస్సీ పుస్తకాలతో రాదు, హెచ్.సి.వర్మ పుస్తకాన్ని మళ్ళీ మొదటి పేజీ నుంచి చేస్తే వస్తుంది.

ప్రభుత్వ జూనియర్ లెక్చరర్ పోస్టు చాలామంది కల. కల కనండి, క్యాలెండర్ కూడా చూడండి. తెలంగాణలో 1,392 జేఎల్ పోస్టులకు 2022 డిసెంబరులో ప్రకటన వస్తే నియామక పత్రాలు చేతికందింది 2025లో. ఆ మధ్యలో బతకడానికి ఇంకో పని ఉండాలి. గురుకులాలకూ, నవోదయకూ, కేంద్రీయ విద్యాలయాల పీజీటీ పోస్టులకూ బీఎడ్ తప్పనిసరి కాబట్టి బోధనే దారి అనుకున్నవాళ్ళు ఎమ్మెస్సీ అయిన వెంటనే బీఎడ్ పూర్తిచేసుకోవడం మేలు. డిగ్రీ కాలేజీకైతే పీజీలో 55 శాతం, ఆపైన నెట్ గానీ సెట్ గానీ. తెలంగాణ సెట్‌ను నడిపేది ఉస్మానియానే.

క్యాంపస్ లైబ్రరీలో ఎమ్మెస్సీ విద్యార్థుల బల్లమీద ఇండియన్ పాలిటీ పుస్తకాలు ఉంటాయని అధ్యాపకులు నొచ్చుకుంటారు. సీటు ఫిజిక్స్‌లో, చదువు గ్రూప్స్‌కి. నేను ఆ పిల్లలను తప్పుపట్టలేను. ఊరినుంచి వచ్చినవాడికి నగరంలో తలదాచుకునే చోటు, మెస్సు, లైబ్రరీ దొరికేది ఆ సీటుతోనే. అయితే ప్రవేశ పరీక్షలో వాడి వెనక ర్యాంకు వచ్చి సీటు దొరకని పిల్ల ఒకతి ఉంటుందని, ఆమెకు నిజంగా ఫిజిక్సే కావాలని కూడా మరచిపోలేను.

అమ్మాయిల మాట అనుకుంటూనే ఉన్నాను. డిగ్రీ, పీజీ ఫిజిక్స్ తరగతుల్లో ఇవాళ అమ్మాయిలు బాగానే ఉంటారు. పీహెచ్‌డీ దగ్గరికొచ్చేసరికి పలచబడతారు. మధ్యలో ఏం జరుగుతుందో వినేవాళ్ళందరికీ తెలుసు. పెళ్ళి. పెళ్ళివల్లో పిల్లలవల్లో చదువు ఆగిపోయినవాళ్ళు తిరిగి పరిశోధనలోకి రావడానికి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ వైజ్-కిరణ్ పేరుతో ఫెలోషిప్పులిస్తోంది. ఈ కార్యక్రమాన్ని వంటింట్లో వింటున్న ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఒకరైనా ఉంటారని నా నమ్మకం. అమ్మా, మీకోసమే చెబుతున్నాను, ఆ శాఖ వెబ్‌సైటు ఒకసారి చూడండి.

క్వాంటం గురించి చెప్పకపోతే కుర్రాళ్ళు ఊరుకోరు. కేంద్రం 2023 ఏప్రిల్‌లో జాతీయ క్వాంటం మిషన్‌కు 6,003 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అమరావతిలో క్వాంటం వ్యాలీ అంటున్నారు. అదే 2023 ఏప్రిల్‌లో మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో గురుత్వ తరంగాలను పట్టే లైగో కేంద్రానికి 2,600 కోట్లు ఒప్పుకున్నారు. హింగోలి పాత నిజాం రాజ్యంలోదే, మనకు పరాయి ఊరేమీ కాదు. ఇవన్నీ మంచి వార్తలు. వీటిని చూపించి మూడు నెలల్లో క్వాంటం నిపుణులను చేస్తామనే సర్టిఫికెట్ కోర్సుల ఫ్లెక్సీలు కూడలి కూడలికీ లేస్తాయి. వాటికి డబ్బు కట్టొద్దు. ఆ రంగంలో కావలసింది మ్యాట్రిక్స్‌ల గణితం, క్వాంటం మెకానిక్స్, లేజర్లను పట్టుకోగల చెయ్యి, ప్రోగ్రామ్ రాయగల అలవాటు. మొదటి రెండూ మీ సిలబస్‌లోనే ఉన్నాయి. ఎక్కడో కొనుక్కునే పనిలేదు.

మిగిలిన రెండింటి గురించి గట్టిగా చెబుతాను. ల్యాబులో హాల్ ఎఫెక్ట్ ప్రయోగం చేస్తున్నప్పుడు మీటరు ముల్లు కదలకపోతే ఎక్కువమంది సీనియర్ రికార్డు తెచ్చుకుని రీడింగులు దింపుకుంటారు. ఆ ముల్లు ఎందుకు కదలడంలేదో వెతికినవాడికే ల్యాబు ఉద్యోగం చెయ్యడం వస్తుంది. తీగ వదులైందా, నమూనా విరిగిందా, విద్యుత్తు సరిపోవడంలేదా అని వెతికిన ఆ మధ్యాహ్నం ఇంటర్వ్యూలో మాట్లాడటానికి పనికొస్తుంది. ప్రోగ్రామింగ్ కూడా అంతే. పైథాన్ ఉచితం, నేర్పే పాఠాలూ ఉచితం. లోలకం కదలికను కంప్యూటర్ మీద గీయడంతో మొదలుపెడితే నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టు నాటికి సొంతంగా డేటా విశ్లేషించే స్థాయికి రావచ్చు. ఒకవేళ రేపు సాఫ్ట్‌వేర్‌కే వెళ్ళినా అదే అక్కరకొస్తుంది.

ఆ ప్రాజెక్టు ఎక్కడ చెయ్యాలన్నది కూడా విద్యార్థి తేల్చుకోవలసిందే. డిపార్ట్‌మెంటులో కూచుని నాలుగు వ్యాసాలు అతికించి బైండింగు చేయించవచ్చు. లేదా ఉప్పల్ రోడ్డు మీది ఏదో ఒక ప్రయోగశాలలో శాస్త్రవేత్తకు మూడో సెమిస్టర్లోనే ఉత్తరం రాసి, హెడ్ సంతకంతో అనుమతి తీసుకుని అక్కడ చెయ్యవచ్చు. అందరూ ఒప్పుకోరు. పదిమందికి రాస్తే ఒకరిద్దరు జవాబిస్తారు. ఆ ఒకరిద్దరు చాలు. రాసేటప్పుడు 'రెస్పెక్టెడ్ సర్' అని ఒకే ఉత్తరాన్ని అందరికీ పంపకుండా, ఆయన చేసిన పని ఒకటి చదివి, అందులో మీకు అర్థంకానిది ఏమిటో రాయండి.

సెప్టెంబరు 26 సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం. ఆ రోజుల్లో ఆ సంస్థ ప్రయోగశాలలు సాధారణంగా విద్యార్థులకు తలుపులు తీస్తాయి. ఎన్‌జీఆర్‌ఐలో, సీసీఎంబీలో, ఐఐసీటీలో ఈసారి ఏ రోజన్నది ముందుగా కనుక్కోండి. కాలేజీ గుర్తింపు కార్డు జేబులో పెట్టుకుని వెళ్ళండి. అక్కడ యంత్రం ముందు నిలబడ్డ పరిశోధక విద్యార్థిని పట్టుకుని మూడు విషయాలు అడగండి: నువ్వేం చదివావు, ఇక్కడికెలా వచ్చావు, నెలకెంత వస్తుంది. మూడో ప్రశ్న అడగడానికి మొహమాటపడొద్దు. వీలైతే మీ నాన్నగారినో అమ్మగారినో కూడా తీసుకెళ్ళండి. జవాబు వాళ్ళూ వినాలి.